జగ్గభూపతి దొరవారి స్నానాల గది

అమ్మలారా, అయ్యలారా, దేవుడు గంగమ్మ తల్లిని అందరి కోసమూ పంపాడు. ఆ సంగతి కొండవలస దొర జగ్గభూపతికి మాత్రం ఎవరూ చెప్పలేదు కాబోలు!

దొరవారి స్నానాల గదికి మరమ్మతులు మొదలయ్యాయి. పడుకుని తేలడానికి పాలరాతి తొట్టి కట్టించాలా, మిద్దె మీంచి నెత్తిన పడే ధార పెట్టించాలా? ఇదీ ఆ మహానుభావుడి కష్టం! ఏది కట్టినా నీళ్లు మాత్రం ఊరికున్న ఒకే ఒక్క బావివి. ఆ ఎండల్లో పిల్లల గొంతు తడపడానికే అవి చాలడం లేదు. నీళ్లు మోసే నూకాలుకి కడుపు రగిలిపోతోంది.

"ఏమే నూకాలూ, తొట్టా, ధారా? నువ్వే తేల్చు," అన్నాడు దొర వేళాకోళంగా. కొలువంతా నవ్వింది.

దొరవారి శాసనం నూకాలుకి బాగా తెలుసు. ఆయన తలకంటే ఎత్తులో ఎవరున్నా కొరడా దెబ్బలే. పల్లకి వస్తోందంటే తాటిచెట్టు మీదివాడు కూడా దిగి తీరాలి.

"తొట్టయితే తమరు కింద పడుకుంటారు, నీళ్లు పోసే మేం పైన నిలబడతాం దొరా. ధారయితే మా ఆయన మిద్దెక్కి సరిగ్గా తమ నెత్తిమీదే నిలబడాలి. తమ మర్యాద ఏమైపోతుందోనని నా బెంగ."

దొర మొహం మాడిపోయింది. తన శాసనం తానే కొట్టేస్తే పరువేం కాను? "మరి నేను స్నానం చేసేదెలాగే?"

"బావి దగ్గర తమరే తోడుకుని పోసుకోండి. అప్పుడు తమ తలకంటే పైనుండేది తమ చెయ్యే కదా!"

దొర చేంతాడు పట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. దైవకృప చూడండి, ఆనాటి నుంచీ రెండు చేదలతోనే దొరవారి ఒళ్లంతా శుభ్రపడిపోతోంది!