ముత్యాలు ముడి

అనగనగా, గోదారికి గట్లు లేని కాలాన, నది నడుమ పది గడపల లంక ఒకటి. ఆ లంకలో ముత్యాలు అనే ముసలామె. ఉన్నది ఒక పాక, చేసేది తాళ్లు పేనడం. ఆవిడ పేనిన మూడు పేటల తాడు ఏనుగు లాగినా తెగదని పేరు.

ఏటేటా మృగశిర కార్తె రాగానే, ముందున్నది వరదల కాలం కదా, గడప గడపకీ తిరిగేది. ఆవుల పలుపులు చూసేది, మేకల తాళ్లు చూసేది, పడవ మోకు చూసేది. బిగిసిన ముడి కనబడితే విప్పి, కొస లాగితే ఊడొచ్చే జారుముడి వేసేది.

"ఉంటే ఉండాలి, లాగితే ఊడాలి!" అనేది.

జనానికి నవ్వులాట. "ముత్యాలొచ్చింది, ముళ్లు దాచుకోండే!" అని మేలమాడేవారు. పడవ భద్రయ్యకైతే ఒళ్లు మంట. లంక మొత్తానికీ అతనిదొక్కటే పడవ.

"అత్తా, జారుముడేస్తే నా పడవ సముద్రానికి పోద్ది" అని, ఆవిడ ఎదురుగానే ముడి మీద ముడి, మూడు ముళ్లు బిగించేవాడు.

"మూడు ముళ్లేశావు, పడవని పెళ్లాడావట్రా?" అని నవ్వేది ముత్యాలు. లోపల మాత్రం ఆవిడకి గుబులే.

ఒకనాడు పట్టపగలు, ఎండ కాస్తుండగానే ఎర్రనీరు వచ్చేసింది. మడమ లోతు, మోకాలి లోతు, నడుం లోతు!

"లాగండర్రా!" అని ముత్యాలు కేకేసింది.

ఒక్క లాగు, ఆవులు ఊడాయి. ఒక్క లాగు, మేకలు ఊడాయి. ఆవులు ఒడ్డుకి ఈదాయి. మేకల్ని చంకనేసుకుని పిల్లా పెద్దా పడవెక్కారు. భద్రయ్య మోకు లాగాడు. రాలేదు. తడిసిన ముళ్లు రాయిలా బిగిశాయి. నీరు పెరుగుతోంది, మోకు పెరగదు కదా! పడవ ముక్కు నీళ్లలోకి దిగిపోతోంది.

"అత్తా! మునిగిపోతన్నామే!"

ముత్యాలు కొడవలితో ముక్కు మీదికి పాకింది. కోసింది, కోసింది. ఒక పేట తెగింది.

"ఎవత్తే దీన్నింత గట్టిగా పేనింది!" అని తన్ను తానే తిట్టుకుంది.

రెండో పేట తెగింది. మూడో పేట... ఫట్! పడవ గంతేసింది. లంకంతా ఒక్క గొంతుతో అరిచింది. ఒక్క ప్రాణీ పోలేదు, ఒక్క మేకపిల్లా పోలేదు!

ఆ తర్వాత ముత్యాలు ఎన్నో వరదలు చూసి, పండు ముసలై, నిద్రలోనే పోయింది. పాడె కట్టేవేళ భద్రయ్య ఎవర్నీ తాడు ముట్టనివ్వలేదు. ఏడుస్తూ తనే కట్టాడు. ప్రతి ముడీ జారుముడే.

"లాగితే ఊడాలి కదత్తా" అన్నాడు.

ఇప్పటికీ ఆ లంకలో జారుముడి అనరు, ముత్యాలు ముడి అంటారు. మృగశిర కార్తెనాడు ఇంటింటి ముందూ ఒకటే పలకరింపు: "ముత్యాలొచ్చిందా?"

"వచ్చింది, లాగి చూసింది" అన్నాకే ఆ ఇంట పొయ్యి రాజేస్తారు.