చెలమపేటలో ఇంటింటమ్మ వెలసిన వైనం

ఉత్తరాంధ్ర తీరాన మొగలి పొదలు దాటగానే చెలమపేట వస్తుంది. ఇక్కడి గ్రామదేవత ఇంటింటమ్మ. వాహనం దిగుతూనే గాలిగోపురం కోసం తల పైకెత్తే భక్తులు కాస్త తెల్లబోతారు. ఇక్కడ గోపురం లేదు, గుడికి తలుపులూ లేవు. నాలుగు రాతి స్తంభాల మీద తాటాకు కప్పు, దాని కింద అమ్మవారి శిరస్సు, పక్కనే మోకాలి లోతు చెలమ. ఇసుకను చేత్తో తోడితే ఊరే నీటిగుంటను చెలమ అంటారు. సముద్రం కూతవేటు దూరంలో ఘోష పెడుతున్నా ఈ నీరు నేటికీ ఉప్పెక్కలేదు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఇప్పుడు అలలు విరిగే చోట అరవై తెప్పల పల్లె ఒకటి ఉండేది. దానికి పెద్ద సూరాడ కారయ్య. వల పంపకంలో గాని, తగవు తీర్పులో గాని ఆయన మాటకు తిరుగులేదు. న్యాయం తప్పని మనిషని పేరు. ఆ పేరంటే ఆయనకూ కాస్త ముచ్చటే.

ఒక ఏడు సముద్రం ఒడ్డును కోయడం మొదలుపెట్టింది. రెండు వరసల ఇళ్ళు ఇసుకతో సహా జారిపోయాయి. ఊరి నూతిలో ఉప్పు దిగింది. కార్తీకమాసపు తుపానులు వచ్చేలోగా మంచినీళ్ళున్న చోటికి ఊరు తరలాలి. లేదంటే ఎవరి దారి వారిదే. అప్పటికే కొందరు వియ్యాలవారి ఊళ్ళకు కబుర్లు పంపుకుంటున్నారు. తాత గుంజ పాతి నిలబెట్టిన ఊరు తన చేతుల్లో చెదిరిపోతుందేమోనని కారయ్యకు ముద్ద దిగడం లేదు.

ఆయన కూటం పెట్టాడు. తెప్పలున్న మగవాళ్ళంతా కూర్చుని ఉత్తరాన ఉన్న ఎత్తు దిబ్బను ఎంచారు. తెప్పలు లాగడానికి అనువని అందరూ తలలూపారు. అక్కడ నుయ్యి తవ్వితే ఉప్పునీరు పడింది. రెండోదీ అంతే. మూడో గోతిలో పార రాయికి తగిలింది. ఇసుక తుడిచి చూస్తే అమ్మవారి ముఖం. పన్నెండుమంది పట్టినా శిరస్సు కదలలేదు.

ఆ మధ్యాహ్నం కారయ్య తెప్ప నీడన కునుకు తీస్తుండగా కలలో ఒక ముత్తైదువ కనబడింది. "ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ చెంబెడు తాగేనీళ్ళు తెచ్చి నన్ను తడపండి. ఒక్క ఇల్లు తగ్గినా నేను లేవను. లేచాక ఏ ఊట ఒడ్డున దించుతారో అక్కడే మీకు ఊరు" అని చెప్పి మాయమైంది.

మరునాడే తెప్పకొక చెంబు చొప్పున అరవై చెంబులూ వచ్చాయి. అమ్మవారు కదలలేదు. పూజలో లోపమన్నారు ఒకరు, మైల కలిసిందన్నారు మరొకరు. కోడిని కోశారు, మళ్ళీ నీళ్ళు పోశారు. లాభం లేకపోయింది. తప్పు వెతకడానికి వాళ్ళు చూడని దిక్కు లేదు, తమ వైపు తప్ప.

మూడోనాడు తెల్లవారి వేటకు వెళ్ళిన కారయ్య నీళ్ళ మీద నుంచి ఊరి వైపు చూశాడు. ఇళ్ళల్లో పొయ్యిలు రాజుకునే వేళ అది. దక్షిణపు కొసన, తెప్పలే లేని చోట, నాలుగు పొగలు లేస్తున్నాయి. ఆ ఊళ్ళో తెప్ప ఉన్నదే ఇల్లు. తెప్ప మునిగితే ఇల్లూ లెక్కలోంచి పోయినట్టే. తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి కనుక దాన్ని గురించి ఆయన ఏనాడూ ఆలోచించలేదు. వల వేయకుండానే తెప్ప తిప్పాడు.

మొదటి గుడిసె కాసులమ్మది. భర్త తెప్పతో సహా సముద్రంలో కలిసిపోయి అప్పటికి రెండేళ్ళు. ఎండుచేపల గంప మోసి బతుకుతోంది. కారయ్య దాహమన్నాడు. ఆమె ఇచ్చిన నీళ్ళు లేత కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. ఆయన చెంబు దించకుండా అలాగే నిలబడిపోయాడు.

"ఎక్కడివమ్మా ఈ నీళ్ళు?"

"మొగలి పొదల ఎనక సెలమ తవ్వుకున్నాను మావా. నూతికాడ నా వంతు తీసీసినారు కదా. మరి బతకాల కదా."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"సెప్దామనే కూటానికొచ్చినాను. తెప్ప లేనోలకి కూటంలో ఏటి పని అన్నారు."

"ఎవరన్నారు?"

"నువ్వే, మావా."

కారయ్యకు తల కొట్టేసినట్టయింది. ఏ కూటంలోనో, ఏ ధ్యాసలోనో అన్న మాట. ఆయనకు జ్ఞాపకం కూడా లేదు. చెంబు పట్టుకు వెళతానని చెయ్యి చాపితే ఆమె ఇవ్వలేదు.

"నీల్లు నీ సేతికివ్వను. నానే తెస్తాను. కూటంలో కూకుని సెప్తాను. ఆ మూడు కొంపలోలూ వొస్తారు."

ఆ మూడు ఇళ్ళవారూ ఎవరంటే, వలలు కుట్టే గుడ్డి పోలయ్య, పొరుగూరి నుంచి వచ్చి ఉప్పు మోసే దంపతులు, బిడ్డలు లేని ఒక ముసలి మంత్రసాని. నాలుగిళ్ళవారినీ వెంటబెట్టుకుని కారయ్య దిబ్బ మీదికి వస్తుంటే పెద్దలు గొణిగారు. తాను కూర్చునే పీట మీద కాసులమ్మను కూర్చోబెట్టి, తాను ఇసుకలో చతికిలబడ్డాడు. ఆమె చెలమ సంగతి చెప్పింది. అక్కడికి తెప్పలు ఏ దారిన లాగవచ్చో పోలయ్య చెప్పాడు, కాళ్ళకు తెలిసిన దారి అది. ఆ నాలుగు చెంబులూ పోయగానే శిరస్సు నలుగురి చేతుల్లో పసిబిడ్డంత తేలికగా లేచింది. చెలమ ఒడ్డున దించారు, ఊరంతా ఆ వెనకే తరలింది. కార్తీకంలో పాత పల్లె సముద్రం పాలైంది గాని, ఒక్క ప్రాణమూ పోలేదు.

కొత్త ఊళ్ళో గుంజ పాతిన నాడు కారయ్య కాసులమ్మను క్షమించమన్నాడు. పదిమందిలోనే అడిగాడు.

"నా మొగుడు పోయిన్నాడు నువ్వొచ్చి ఏడిసినావు మావా. నా ఇల్లు లెక్కలోంచి తీసీసిన్నాడు మాత్రం ఎవులూ ఏడవలేదు" అంది.

ఈ స్థలానికి వచ్చినవారు ఆ మాటను గుర్తు పెట్టుకోవాలని పెద్దలు చెబుతారు.

నేటికీ రేవు గురించైనా, రోడ్డు గురించైనా, తుపాను షెడ్డు గురించైనా చెలమపేట గ్రామసభ అమ్మవారి ఎదుటే జరుగుతుంది. నిన్న అద్దెకు దిగినవారితో సహా ప్రతి ఇంటి నీళ్ళూ అమ్మను తడిపాకే మాట మొదలవుతుంది, మొదటి మాట ఊరి కొసనున్న ఇంటిది. ఈ తల్లిని కొలిచినవారి ఇంట నీటికి ఎద్దడి ఉండదని, చెదిరిన కుటుంబాలు కలుస్తాయని నమ్మకం. అయితే మొక్కు చెప్పుకునే ముందు పూజారి ప్రతి భక్తుణ్ణీ ఒకే ప్రశ్న అడుగుతాడు: "ఎవరినైనా అడగకుండా వచ్చారా?" చాలామంది తల దించుకుని మెట్టు దగ్గర నుంచే వెనుదిరుగుతారు. మరుసటి వారం ఆ అడగనివారిని వెంటబెట్టుకుని ఇద్దరుగానో ముగ్గురుగానో వస్తారు. అంతవరకూ వాళ్ళ కొబ్బరికాయను పూజారి కొట్టకుండా పక్కన పెట్టి ఉంచుతాడు.