వజ్రమ్మ బ్యాండూ, నిలవని చార్జింగూ

పక్క మీదికి జరిగావా తల్లీ? కాళ్ళు ఆడించకు, దుప్పటి జారిపోద్ది. ఊ కొడతానంటేనే చెప్తా. కొడతావా? సరే, విను.

అనగా అనగా, గాలి కూడా పసుపు వాసన వేసే ఒక ఊళ్ళో, వజ్రమ్మ అని ఒకామె ఉండేది. ఆ ఊళ్ళో పెద్ద పసుపు యార్డు ఉంది. చుట్టుపక్కల రైతులంతా బస్తాలు అక్కడికే తెస్తారు. నేల మీద పోసిన పసుపు రాశి ముందు కూర్చుని, కొమ్ములు ఒకవైపు, దుంపలు ఒకవైపు ఏరడం వజ్రమ్మ పని. సాయంత్రానికి ఆమె చేతులు, ముక్కు, కనురెప్పలు అన్నీ పసుపే. నవ్వితే పళ్ళు మాత్రం తెల్లగా కనపడేవి.

మనిషి గట్టిదే. కానీ ఆమెకి ఒక బాధ ఉంది. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకునేది. లోపల ఎవరో తలుపు బాదుతున్నట్టు ఉండేది. చెమటలు పట్టేవి, కళ్ళు తిరిగేవి. పావుగంటో అరగంటో అట్లా బాది బాది, ఠక్కున దడ పోయేది. పోయాక ఏమీ లేదు, మామూలు మనిషే.

అప్పుడు వజ్రమ్మ ఆస్పత్రికి పోయింది. అక్కడికి చేరేసరికి దడ తగ్గిపోయింది. ఈసీజీ తీశారు, గీతలన్నీ బాగున్నాయన్నారు. ఆ తర్వాత రెండోసారి పోయింది. బాగున్నాయన్నారు. మూడోసారి పోయింది. మూడోసారీ బాగున్నాయన్నారు.

ఇంక అందరిదీ ఒకటే మాట. యార్డులో మేస్త్రీ అంకమ్మ, "నీకు జబ్బు లేదు వజ్రమ్మా, ఉన్నదంతా భయమే" అనేది. పక్కన ఏరేవాళ్ళు కిసుక్కుమనేవాళ్ళు. ఇంట్లో కోడలు సలోమి కూడా, "నువ్వు ఊరికే ఆలోచిస్తావత్తమ్మా, అందుకే అట్లా అయిద్ది" అంది. సలోమి మంచి పిల్లే. ఎగతాళిగా అనలేదు. కానీ అంకమ్మ మాట కన్నా ఆ మాటే వజ్రమ్మకి ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు ఆ ఆస్పత్రికి ఒక డాక్టరమ్మ కొత్తగా వచ్చింది. వజ్రమ్మ చెప్పిందంతా కుదురుగా వింది.

"దడ మీకు వచ్చినప్పుడు నేనక్కడ ఉండను, నా దగ్గరికి వచ్చేసరికి అది ఉండదు. దాన్ని వచ్చినప్పుడే పట్టుకోవాలమ్మా. మీ ఇంట్లో ఎవరికైనా ఫిట్‌నెస్ బ్యాండ్ ఉందా?" అని అడిగింది.

బ్యాండంటే తెలుసుగా నీకు? గడియారంలా చేతికి పెట్టుకుంటారు. ఎన్ని అడుగులు వేశామో లెక్కపెడుతుంది, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో అంకె చూపిస్తుంది, ఆ అంకెల్ని ఫోనులోకి పంపుతుంది.

సలోమికి ఒకటి ఉంది. సన్నబడాలని కొనుక్కుంది. పదిరోజులు నడిచింది. ఆ తర్వాత అది గూట్లో, దువ్వెనల డబ్బాలో పడి ఉంది. నవ్వకు, మీ అమ్మ కూడా అంతే.

సలోమి దాన్ని తీసి అత్త చేతికి కట్టింది. బ్యాండు బాగానే ఉంది. దాని చార్జింగు తీగతోనే వచ్చింది చిక్కంతా.

ఆ తీగ ఫోను తీగలాంటిది కాదు. ఒక చివర చిన్న అయస్కాంతం బిళ్ళ ఉంటుంది. బ్యాండు వెనకాల రెండు రాగి చుక్కలుంటాయి. బిళ్ళ ఆ చుక్కలకి అతుక్కుంటే లోపలికి కరెంటు పోతుంది. సలోమి తీగ మెడ దగ్గర లోపల ఎక్కడో తెగింది. పైకి కనపడదు. కొంచెం ఎడమకి వంచితే లైటు వెలుగుద్ది, వదిలితే ఆరిపోద్ది.

అప్పుడు వజ్రమ్మ ఏం చేసిందో తెలుసా? తీగని ఎడమకి వంచి, దాని మీద కారం డబ్బా పెట్టింది. లైటు వెలిగింది. హమ్మయ్య అనుకుని పొయ్యి దగ్గరికి పోయింది. పిల్లి అటుగా పోయింది, లైటు ఆరింది. డబ్బా మీద ఇంకో డబ్బా పెట్టింది. సలోమి తలుపు వేసింది, లైటు ఆరింది. అన్నం తింటూ మధ్యలో నాలుగుసార్లు లేచింది. స్నానానికి పోయి సబ్బు చేత్తోనే బయటికి వచ్చి చూసింది. అంత కష్టపడితే సగం చార్జింగు ఎక్కింది.

మర్నాడు మధ్యాహ్నం యార్డులో, పసుపు రాశి ముందు, దడ వచ్చింది. వజ్రమ్మ గబగబా మణికట్టు తిప్పి చూసింది. అద్దం నల్లగా ఉంది. వేలితో కొట్టింది, పైట చెంగుతో తుడిచింది. ఊహూఁ. దాని ప్రాణం పొద్దున్నే పోయింది.

అంకమ్మ చూసి, "ఈ సోకు కూడానా?" అంది.

అది ఒకసారి.

ఆ తర్వాత వజ్రమ్మ బస్టాండు పక్కన సెల్‌ఫోన్ల కొట్టుకి పోయింది. కొట్టతను అచ్చం అట్లాంటి తీగే ఇచ్చాడు. ఇంటికి తెచ్చి బిళ్ళని బ్యాండు దగ్గరికి తీసుకుపోతే, అది అతుక్కోవడం మానేసి పక్కకి గెంతింది! మళ్ళీ పెట్టింది, మళ్ళీ గెంతింది. చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నాయి గానీ, అయస్కాంతం మాత్రం తిరగేసి పెట్టారు. తిప్పి పెడదామా అంటే చుక్కలు కలవవు. వజ్రమ్మ దాన్ని వేలితో అదిమి పట్టుకుని కూర్చుంది. పది నిమిషాలకి వేలు తిమ్మిరెక్కింది. తీగ తీసుకుపోయి వెనక్కి ఇచ్చేసింది. ఇట్లా తిరగడంలోనే రెండు రోజులు పోయాయి.

మూడోరోజు చెల్లెల్ని చూడ్డానికి బస్సెక్కితే, బస్సులో దడ వచ్చింది. బ్యాండు అద్దం నల్లగానే ఉంది. ముందు సీటు కమ్మీ పట్టుకుని, దడ పోయేదాకా కళ్ళు మూసుకుంది. చెల్లెలి ఊరు దాటిపోయినా దిగలేదు.

అది రెండోసారి.

అప్పుడు సలోమి ఫోనులో చూసి ఇంకో తీగ తెప్పించింది. పెట్టగానే అతుక్కుంది, లైటు వెలిగింది. తీగని కదిపినా లైటు ఆరలేదు. వజ్రమ్మ మొహం వెలిగిపోయింది. ఇంక భయం లేదనుకుంది. కానీ వారం తిరిగేసరికి చిత్రం చూడు. తీగ అతుక్కునే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, బ్యాండు మాత్రం నిండదు. రెండు గంటలు పెట్టినా అదే సగం.

ఆదివారం ప్రార్థనలో అందరూ లేచి నిలబడితే వజ్రమ్మ కూర్చుండిపోయింది. దడ. చెయ్యి తిప్పి చూసింది. ఏం కనపడి ఉంటుందంటావ్? ఆఁ, అదే. నలుపు.

మూడోసారి.

ఆ రోజు ఇంటికొచ్చి వజ్రమ్మ బ్యాండు విప్పి మంచం మీద పడేసింది.

"నేను చెప్పేది మనుషులూ నమ్మరు, ఇదీ నమ్మదు. నిజంగానే నాకు భయం జబ్బేమో అమ్మాయ్" అంది.

ఆ మాట ఆమె నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. సలోమి బ్యాండు, రెండు తీగలు రుమాల్లో మూటకట్టి, "లే అత్తమ్మా, పోదాం పద" అంది.

ఇద్దరూ కలిసి ఖాజావలి దగ్గరికి పోయారు. మార్కెట్ వీధి మొదట్లో అద్దాల పెట్టె ముందు కూర్చుని గడియారాలు బాగుచేస్తాడాయన. కంటికి భూతద్దం బిగించుకుని బ్యాండుని వెనక్కి తిప్పాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. పకపకా నవ్వాడు.

"వజ్రమ్మక్కా, దీనికి కూడా పసుపు రాశావేంటి?"

చుక్కల చుట్టూ సన్నగా, గట్టిగా, పసుపు పేరుకుపోయి ఉంది. యార్డులో పసుపు దుమ్ము, చేతి చెమట కలిసి, ఎండి, పెచ్చు కట్టింది. కరెంటు లోపలికి పోవాలంటే దారేది? ఒక్కోసారి కాస్త పోద్ది, ఒక్కోసారి అసలు పోదు.

ఖాజావలి సన్నటి పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, ఓపిగ్గా తుడిచాడు. బిళ్ళని కూడా తుడిచాడు. ఆ తర్వాత పాత తీగ మెడ కోసి, తెగిన చోట టంకం పెట్టి, పైన గొట్టం తొడిగాడు.

"కొత్తదొకటి, పాతదొకటి, నీకు రెండు తీగలు ఇప్పుడు. పని నుంచి రాగానే మెత్తటి గుడ్డతో తుడువు. తడి ఉండగా చార్జింగు పెట్టకు. తీగని వేలికి చుట్టి ముడెయ్యకు, వదులుగా మడిచి పెట్టు" అన్నాడు.

అప్పట్నుంచి వజ్రమ్మ రోజూ యార్డు నుంచి రాగానే బ్యాండు తుడిచేది. తుడిచి, ఆరబెట్టి, చార్జింగుకి పెట్టేది. నిండుగా చార్జింగు. మర్నాడూ నిండుగానే.

ఇంక దడ రావడమే తరువాయి. అదేమో రాదు!

ఒక రోజు పోయింది, రాలేదు. నాలుగు రోజులు పోయాయి, రాలేదు. పది రోజులైనా రాలేదు. ఇన్నాళ్ళూ వద్దు దేవుడా అనుకున్న దాని కోసం ఇప్పుడు ఎదురుచూపులు. పసుపు ఏరుతూ చెయ్యి తిప్పి చూసుకునేది. డెబ్బై ఆరు. నీళ్ళు తాగుతూ చూసుకునేది. ఎనభై. నడుస్తూ చూసుకునేది, కూర్చుని చూసుకునేది. కూర్చోలేక లేచేది. వస్తుందేమోనని భయం, రాదేమోనని ఇంకో భయం. ఆ రెంటి మధ్య ముద్ద మింగుడు పడేది కాదు.

పదమూడో రోజు పొద్దున. అత్తాకోడళ్ళు వాకిట్లో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు. ఏదో మాటకి వజ్రమ్మ నవ్వుతోంది. నవ్వుతున్న మనిషి నవ్వుతున్నట్టే ఆగిపోయింది. చేతిలో కాయ కిందపడింది.

"వచ్చింది" అంది.

సలోమి ఆమె మణికట్టు పట్టుకుని చూసింది. తొంభై కాదు, నూరు కాదు. నూట ఎనభై రెండు! ఆకుపచ్చ వెలుగులో అంకె మిలమిలా మెరుస్తోంది. సలోమి తన వేళ్ళు అత్త నాడి మీద పెట్టింది. చర్మం కింద పిట్ట కొట్టుకుంటున్నట్టు ఉంది. అప్పుడు సలోమికి తెలిసింది, ఇన్నాళ్ళూ ఈమె చెప్పింది దీని గురించేనని.

"అత్తమ్మా, ఇంత కొట్టుకుంటుంటే నువ్వు యార్డులో పని చేశావా?" అంది.

వజ్రమ్మకి చెమటలు కారుతున్నాయి, కళ్ళు తిరుగుతున్నాయి, అయినా మొహంలో సంతోషం. "పడిందా? ఫోనులో పడిందా?" అదొక్కటే అడుగుతోంది.

పడింది.

వెంటనే ఆటోలో ఆస్పత్రికి పోయారు. డాక్టరమ్మ ఫోనులో గీత చూసింది. డెబ్బై ఎనిమిది దగ్గర తిన్నగా ఉన్న గీత ఒక్కసారిగా నిలువుగా లేచి, ఇరవై నిమిషాలు పైనే ఉండి, మళ్ళీ ఒక్కసారిగా కిందికి దూకింది.

"భయపడితే గుండె మెట్లెక్కినట్టు ఎక్కుతుందమ్మా. ఇది గోడ దూకినట్టుంది. ఇది భయం కాదు. గుండెని కొట్టించే కరెంటు పోవడానికి, ఉండాల్సిన దానికన్నా ఒక దారి ఎక్కువ ఉండొచ్చు. ఇది చాలు, ఇప్పుడు మిమ్మల్ని పెద్ద డాక్టర్ల దగ్గరికి పంపిస్తాను" అంది.

ఆ తర్వాత గుంటూరు పోయారు. అక్కడ పెద్ద పరీక్ష చేశారు. డాక్టరమ్మ అన్నది నిజమే, ఒక దారి ఎక్కువే ఉంది. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, ఆ ఎక్కువ దారిని మూసేశారు. కొయ్యలేదు, కుట్టలేదు. మూడోరోజుకి ఇంటికి పంపారు.

నెల తర్వాత వజ్రమ్మ డాక్టరమ్మకి చూపించుకోవడానికి వచ్చింది. అన్నీ చూసి, "ఇంక నిశ్చింతగా పనికి పోవచ్చు" అంది డాక్టరమ్మ. వజ్రమ్మ లేవలేదు.

"ఇంకేంటమ్మా?"

"నాది భయం కాదని కాయితం మీద రాసిస్తారా తల్లీ?"

డాక్టరమ్మ నవ్వబోయి, ఆమె మొహం చూసి నవ్వు ఆపుకుంది. కాయితం తీసి తెలుగులో, గుండ్రంగా రాసింది. "వజ్రమ్మ గారికి ఉన్నది భయం కాదు, గుండె జబ్బు. ఆమె మొదటి నుంచీ చెప్పింది నిజం." కింద సంతకం పెట్టింది. వజ్రమ్మ ముద్ర కూడా వెయ్యమంటే, ముద్ర కూడా వేసింది.

బయటికి వచ్చాక వజ్రమ్మ, తన కోసం కూర్చున్న సలోమికి ఆ కాయితం ఇచ్చి చదవమంది. సలోమి ఒకసారి పైకి చదివింది. రెండోసారి చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి.

"రేపు యార్డుకి తీసుకుపోతావా అత్తమ్మా? అంకమ్మకి చూపిస్తావా?" అంది.

వజ్రమ్మ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి కోడలి చేతిలోనే ఉంచి, గుప్పిట మూసింది.

"నువ్వు చదివావుగా అమ్మాయ్, చాలు" అంది.

ఇద్దరూ ఆటో ఎక్కి ఇంటికి పోయారు.

ఊ కొట్టవేం తల్లీ? నిద్రొచ్చిందా?

కథ పోయె కంచికి,
పసుపు పోయె మరకి,
దడ పోయె దూరానికి,
మనం పోయాం మంచానికి.