కడుపు కోశారండీ

ఆండాళమ్మ గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు. "కూర్చో" అంటారు, అంతే. ఆ పూటో, మర్నాడో, ఒక్కోసారి నెల తర్వాతో ఏదో ఒకటి జరుగుతుంది. జరిగాక మన వైపు ఒకసారి చూస్తారు. అప్పటికి మనమేం అడిగామో మనకి గుర్తుంటే మన అదృష్టం.

కాకినాడలో ఆవిడ ఇంటి ముందుగదిలో బుధవారం బుధవారం గీత చెబుతారు. పదిహేను మందిమి ఆడవాళ్లం. నేను ఏడేళ్లుగా వెళ్తున్నాను. కానీ నేనడిగిన ప్రశ్న గీతలోది కాదు.

"అమ్మగారూ, ఈ మచ్చ పోతుందా?"

దాని వెనక సంగతి చెప్పాలి. నాకు నలభై ఆరేళ్లు. ఒక్కతే కూతురు, హిమజ. వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది. కడుపు కోసి తీస్తే పుట్టిన పిల్ల. ఆ కాన్పు తర్వాత నా పొట్ట సంచిలా వేలాడిపోయింది. పంతొమ్మిదేళ్లు దాన్ని కుచ్చిళ్ల కింద దాచుకున్నాను. బస్సులో లేచి సీటిచ్చేవాళ్లు. ఎన్నో నెల అని అడిగేవాళ్లు. పోయిన వేసవిలో హైదరాబాదు వెళ్లి టమ్మీ టక్ చేయించుకున్నాను. వేలాడే చర్మం కోసి తీసేసి, ఎడంగా జరిగిన కండరాలని దగ్గరికి లాగి కుట్టేస్తారు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. మా ఆయన వద్దనలేదు, చేయించుకోమనీ అనలేదు. హిమజకి మాత్రం హెర్నియా అని చెప్పాం.

పొట్ట తగ్గుతుందన్నదే చూసుకున్నాను. తర్వాతది చూసుకోలేదు. రెండు పక్కలా గొట్టాలు, వాటి చివర ఎర్రనీళ్లు నిండే డబ్బీలు. వారం తర్వాత అవి తీసేసినా, బిగించి కట్టిన బెల్టు మాత్రం విప్పడానికి లేదు. నిటారుగా నిలబడితే కుట్లు లాగేస్తాయి, అందుకని తొంభై ఏళ్ల ముసలమ్మలా వంగి నడక. తుమ్ము వస్తుందంటే భయం. కట్టు మా ఆయనే మార్చేవారు. నేను ఫ్యాను వైపు చూస్తూ పడుకునేదాన్ని. మూడు వారాలు అలాగే గడిచాయి.

ఆ మంగళవారం అద్దం ముందు నిలబడ్డాను. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఒకటే గీత. ఎర్రగా, ఉబ్బి, తాడు కట్టి లాగినట్టు. బొడ్డు నాది కాదు, ఎవరిదో తెచ్చి పెట్టినట్టుంది. అదంతా ఒక ఎత్తు. హిమజ పుట్టిన కోత మచ్చ లేదు. తీసేసిన చర్మంతో పాటు అదీ పోయింది. చిన్నప్పుడు హిమజ దాని మీద వేలు పెట్టి "ఇదే కదమ్మా నా వాకిలి" అనేది. అది పోతుందని డాక్టరు గారు ముందే చెప్పారట. మా ఆయనకి గుర్తుంది. నేను విననే లేదు.

మంచం కోడు పట్టుకుని కూలబడ్డాను. ఏడుపు మాత్రం రాలేదు.

బుధవారం అలా వంగే పాఠానికి వెళ్లాను. అందరికంటే ముందు వెళ్లి, ఆవిడ ఒక్కరే ఉండగా అడిగాను. పోయిన గుర్తు సంగతి కూడా చెప్పాను.

"ఒక మచ్చ తీయించుకుని ఇంకో మచ్చ కొని తెచ్చుకున్నానమ్మగారూ. ఇది పోతుందా? పోకపోతే దీన్ని నేనెలా చూసుకోను?"

ఆవిడ విన్నారు. "కూర్చో" అన్నారు. నేల మీద కూర్చోలేనని చెబితే లోపలి నుంచి కుర్చీ తెప్పించారు.

కుర్చీ తెచ్చింది నాగరత్నం. మా మాటలు లోపలికి వినపడినట్టున్నాయి. ఆ ఇంట్లో వంట చేస్తుంది. గుమ్మం దగ్గర ఇత్తడి పళ్లెంలో మా ఫోన్లన్నీ పెట్టించి కాపలా కాసేదీ తనే. పాఠం మధ్యలో ఏదైనా ఆగకుండా మోగితే తనే ఎత్తుతుంది. మరీ అవసరమైతే వచ్చి చెవిలో చెబుతుంది. ఏడేళ్లుగా అదే కట్టుబాటు.

శ్లోకం సగంలో ఉండగా మంగతాయారు గారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి, చెవుడు. గుమ్మంలోనే ఆగి నన్ను చూశారు.

"సుభాషిణికి కుర్చీ ఏమిటే? నాకంటే పెద్దదైపోయిందా?" అని నాగరత్నాన్ని అడిగారు. ఆవిడ గుసగుస నాలుగిళ్లకి వినపడుతుంది.

"కడుపు కోశారండీ. కింద కూర్చోలేరు," అంది నాగరత్నం గొంతు తగ్గించి. అది నాకు వినపడలేదు, తర్వాత తెలిసింది.

ఆ మాట ముసలావిడకి సగమే చేరింది. మిగతా సగం ఆవిడే పూరించుకున్నారు. ఆపరేషనుని ఎవరూ కడుపుకోత అనరు. ఆ మాట బిడ్డ పోయిన తల్లికే అంటారు.

చేతికర్ర అక్కడే పడేసి, కూర్చున్నవాళ్లని తొక్కుకుంటూ వచ్చి నా మెడ కావలించుకున్నారు.

"కడుపుకోత తీరేది కాదే తల్లీ! ఒక్కగానొక్క పిల్ల! ఇంటికి తీసుకొస్తున్నారా, ఇంకా అక్కడే ఉందా? ఇప్పుడే చెప్పింది నాగరత్నం!"

నాగరత్నం. ఫోన్ల పళ్లెం. నా ఫోన్ మోగి ఉంటుంది. తను ఎత్తి ఉంటుంది. నాకెలా చెప్పాలో తెలియక గుమ్మంలో నిలబడి ఉంటుంది.

అందరూ నన్నే చూస్తున్నారు. నాకు తోచింది ఒక్కటే. దాని గుర్తు నేనే కోయించి పారేయించాను. అందుకని దేవుడు దాన్నీ తీసేసుకున్నాడు.

ఎలా లేచానో తెలీదు. పరిగెత్తాను. పళ్లెంలో ఫోన్లన్నీ ఒక్కలాగే కనిపించాయి. రెండు కింద పడ్డాయి. "ఏమైందమ్మా, ఏమైంది?" అంటోంది నాగరత్నం. తన ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు. హిమజకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను.

"ఏంటమ్మా? క్లాసులో ఉన్నా." విసుగ్గా, గొంతు నొక్కిపెట్టి.

ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాను.

"అమ్మా?"

"అన్నం తిన్నావా?"

"పదకొండింటికి అన్నమేంటమ్మా! నీ నొప్పి మాత్రలు తలకెక్కినట్టున్నాయి. పెట్టేయ్."

పెట్టేసింది. నేను ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని నిలబడ్డాను.

లోపల నాగరత్నం ముసలావిడ చెవిలో అరుస్తోంది. "ఆపరేషనండీ! పొట్ట తగ్గడానికి!"

"పిల్లో?"

"నిక్షేపంలా ఉందండీ! ఇప్పుడే మాట్లాడారు!"

మంగతాయారు గారు నన్ను ఎగాదిగా చూశారు. "పొట్ట తగ్గడానికా?" అన్నారు. తిడతారనుకుని తల దించుకున్నాను. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "అయితే నా ఏడుపంతా దండగన్నమాట. పోనీలే, ఇంతకంటే మంచి దండగ ఏముంటుందే!"

గదిలో ఊపిరి ఆడింది. ఎవరో నవ్వారు. "మామ్మగారూ, మీరూ చేయించుకోకూడదూ?" అని వెనక వరసలోంచి అరిచింది కుసుమ.

"కొయ్యడానికి నాకు పొట్ట ఎక్కడుందే, వెధవా!" అని ఆవిడ తన ఎండిపోయిన కడుపు మీద చరుచుకున్నారు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. "మా అబ్బాయి నరసింహం పోయి ముప్పై ఎనిమిదేళ్లు. ఆ కోత ఇక్కడే ఉంటుంది. ఎవరికైనా చూపిద్దామంటే గీత కూడా లేదు."



అప్పుడు గమనించుకున్నాను, నేను నిటారుగా నిలబడి ఉన్నాను. మూడు వారాల్లో మొదటిసారి. ఎడమ తుంటి దగ్గర చీర తడిసింది. వేలికొనంత మేర కుట్టు విడిపోయిందని తర్వాత తెలిసింది. సాయంత్రం డాక్టరు గారు ఫోన్లో చివాట్లు పెట్టారు. అక్కడ మచ్చ వెడల్పుగా మిగులుతుందన్నారు. మిగిలింది.

ఆండాళమ్మ గారు పుస్తకం మూయలేదు. చదువుతున్న చోట వేలు అలాగే ఉంది. నా చీర మీద ఎరుపు చూశారు. తర్వాత మంగతాయారు గారి చెయ్యి చూశారు. అది ఇంకా కడుపు మీదే ఉంది.

"నీది కట్టు కట్టే చోట ఉంది," అన్నారు నాతో. "పో, మార్చుకో."