సలోమి సంచిలో ఇసక

ముందు ఆ దుప్పటి మొహం మీంచి తియ్యవే బుజ్జీ, ఊపిరాడదు. మధ్యాహ్నం నుంచీ చూస్తున్నా, నేను ఇటొస్తే నువ్వు అటు జారుకుంటున్నావు. తప్పు చేస్తే దేవుడు కళ్ళు పోగొడతాడని మీ మామయ్య అన్నాడా? వాడి మొహం. చిన్నప్పుడు వాడు చేసినన్ని తప్పులకి ఈపాటికి కర్ర పట్టుకుని తడుముకుంటూ తిరగాలి. ఇటు జరుగు, కథ చెబుతా.

అనగనగనగా, కాలవ గట్టునున్న ఒక ఊళ్ళో సలోమి అని ఒక పిల్ల ఉండేది. పన్నెండేళ్ళది. వాళ్ళమ్మ రాహేలమ్మ రెండేళ్ళ కిందటే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. నాన్న కూలికి పోతే ఇంట్లో సలోమీ, నాలుగేళ్ళ చెల్లెలు ఎస్తేరూ ఉండేవాళ్ళు. వండేదీ వార్చేదీ, చెల్లికి జడ వేసేదీ అంతా సలోమే.

ఆ ఊళ్ళో చర్చికి పోయే ఆడవాళ్ళకి ఒక అలవాటు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, పక్కనున్న చిన్న కుండలో వేస్తారు. అది దేవుడి పిడికెడు. వారమంతా అట్లా వేసి, ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డ సంచిలో కట్టి చర్చిలో పెడతారు. పాస్టరుగారి భార్యని అందరూ అమ్మగారు అనేవాళ్ళు. ఆవిడ ఆ సంచులు తీసుకెళ్ళి ఇంట్లో గింజ లేనివాళ్ళకి ఇచ్చేది.

"దేవుడి కుండ జోలికి వెళ్ళకే, కళ్ళు పోతాయి" అని రాహేలమ్మ బతికున్న రోజుల్లో పిల్లకి చెప్పేది. అమ్మ మాట కదా. సలోమి ఆ కుండ తుడిచేటప్పుడు కూడా లోపలికి చూసేది కాదు. దైవభయం ఉన్న పిల్ల అని ఊరంతా మెచ్చుకునేది. పిచ్చితల్లి, దానికున్న భయం వేరే అని వాళ్ళకేం తెలుసు?

ఒక ఏడు ముసురు పట్టింది. నాన్న పొరుగూరికి నారు మొయ్యడానికి వెళ్ళాడు. అప్పుడు కాలవకి గండి పడింది, దారి మునిగిపోయింది, నాన్న అక్కడే చిక్కుకుపోయాడు. ఇక్కడ ఇంట్లో బియ్యం అయిపోయాయి.

ఒక పూట చెల్లికి బెల్లం ముక్క పెట్టి నీళ్ళు తాగించింది. రెండో పూట దొడ్లో రాలిన పచ్చి జామకాయలు పెట్టింది. పక్కింట్లో అడగొచ్చుగా అంటావు. అడగదు. అభిమానం. మూడో పూటకి ఎస్తేరు ఏడవడం మానేసింది. ఆకలికి ఏడ్చే పిల్ల ఏడుపు మానేస్తే ఎట్లా ఉంటుందో... వద్దులే, అది నీకు తెలియొద్దు.

అప్పుడు సలోమి వెళ్ళి, కళ్ళు గట్టిగా మూసుకుని, దేవుడి కుండలో చెయ్యి పెట్టింది. జావ కాచింది. చెల్లికి తాగించి, గిన్నెకి అంటుకున్నది తను నాకింది. మర్నాడు కూడా అంతే. కుండలో రెండు పిడికిళ్ళు మిగిలాయి.

శనివారం లేవగానే కళ్ళున్నాయో లేదో చూసుకుంది. గూట్లో బుడ్డిదీపం కనపడింది. దడి మీద కోడి కనపడింది. చెల్లి ముక్కు కింద చీమిడి కూడా కనపడింది. హమ్మయ్య అనుకుంది. ఆ తర్వాత, దేవుడు ఇంకా చూడలేదేమో అనుకుంది. రేపు ఖాళీ చేతులతో చర్చికి వెళితే చూసేస్తాడుగా!

అప్పుడేం చేసిందో తెలుసా? కాలవ గట్టుకి వెళ్ళి ఇసక తెచ్చింది. సంచిలో అడుగున ఇసక పోసి, పైన ఆ రెండు పిడికిళ్ళూ పరిచి, మూతి గట్టిగా కట్టింది. దైవభయం ఉన్న పిల్ల, దేవుణ్ణే మాయ చేద్దామనుకుంది చూడు. నవ్వకు. భయం ముదిరితే ఎంత బుద్ధిమంతులకైనా బుద్ధి అట్లాగే పనిచేస్తుంది.

ఆదివారం సంచి తీసుకెళ్ళి మిగతా సంచుల మధ్య పెట్టింది. పిడుగేమీ పడలేదు. ఆరాధన అయిపోయింది. అమ్మగారు సంచులు పంచడానికి లేచి, సలోమి సంచి తీసి, తబితమ్మ ఒళ్ళో పెట్టింది.

తబితమ్మ అంటే ఊరి చివర పాకలో ఒంటరిగా ఉండే ముసలమ్మ. చూపు పూర్తిగా పోయింది. నోట్లో మూడంటే మూడు పళ్ళు. ఆవిడ ఆ సంచిని రెండు చేతులా తడిమి, కళ్ళకద్దుకుని, కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయింది.

సలోమి ఇంటికొచ్చి తలుపేసుకుంది. ఎవరూ చూడలేదు, గండం గడిచింది. సంతోషంగా ఉండాలా లేదా? కానీ కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. తబితమ్మ ఈపాటికి పొయ్యి రాజేసి ఉంటుంది. ఎసట్లో సంచి దులిపేస్తుంది. ఆకలి మీద ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. ఆ మూడు పళ్ళ కింద కరకరమని ఇసక. చీకట్లో కూర్చుని, అన్నంలో ఇదేమిటా అని ఆ ముసలి నాలుక వెతుక్కుంటుంది. అది తలుచుకుంటే సలోమికి కళ్ళు పోవడం గుర్తుకే రాలేదు.

చెల్లిని చంకనేసుకుని పరిగెత్తింది. దారంతా బురద. రెండుసార్లు జారి పడింది, మోకాలు చీరుకుపోయింది. పాక దగ్గరికి వెళ్ళేసరికి తబితమ్మ గుమ్మంలోనే ఉంది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో పొగలు కక్కే ముంత. ఎక్కడికో బయల్దేరినట్టుంది.

"మామ్మా, తినకు! ఆ సంచిలో ఇసకుంది. నేనే పోశాను" అంది సలోమి.

"తెలుసు. కళ్ళు పోయాయి కానీ వేళ్ళు పోలేదుగా. కడిగి, గాలించి, ఉన్న గింజలతో జావ కాచాను. మీ ఇంటికే బయల్దేరాను" అంది తబితమ్మ.

"మా ఇంటికెందుకు?"

"సంచికి వేసిన ముడి రాహేలు వేసే ముడి. నీకు నేర్పి పోయినట్టుంది. ఆ ఇంటి నుంచి ఇసక వచ్చిందంటే, ఆ ఇంట్లో నాకంటే ఆకలిగా ఉన్నారనేగా. ముందు ఆ చంకలో మూలుగుతున్నదాన్ని కిందకి దించు, జావ తాగించు."

సలోమికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పింది. చెప్పి, "నాకు కళ్ళు పోతాయా మామ్మా?" అని అడిగింది.

తబితమ్మ నవ్వింది. "నాకు పోయాయిగా, నేనేం కాజేశాననీ? వయసొచ్చింది, పోయాయి. పిచ్చిదానా, ఆ కుండ మీలాంటి ఆకలిగొన్న పిల్లల కోసమేనే. మీ అమ్మ ఆ మాటతో కుండకి కాపలా పెట్టింది కానీ, ఆకలేస్తే తీసుకోవద్దని నీకు అడ్డం పెట్టలేదు. సరే, ఇది చెప్పు. ఇందాక ఇంట్లో దాక్కున్నదానివి ఇంత బురదలో ఎందుకు పరిగెత్తుకొచ్చావు?"

"నీ పళ్ళ కింద ఇసక పడుతుందని భయమేసింది."

"అదేనే దైవభయం అంటే. దెబ్బల భయం దాక్కోమంటుంది. దేవుడి భయం పరిగెత్తుకు రమ్మంటుంది. ఆయన ప్రేమించేవాళ్ళకి మన వల్ల నొప్పి తగులుతుందేమో అని భయం. నీకు ఇవాళే వచ్చింది."

ఆ తర్వాత ముగ్గురూ ఆ ఒక్క ముంతా పంచుకుని తాగారు. సంగతి తెలిసి అమ్మగారు పరిగెత్తుకొచ్చింది. సలోమి తల మీద చెయ్యేసి, "పక్కనే ఉండి మూడు పూటలు మీ పొయ్యిలో పొగ రాలేదని చూడలేదు. భయపడాల్సింది మేమమ్మా" అని కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రానికి దారి తేలి నాన్న కూడా వచ్చేశాడు. ఆ వారం నుంచీ చర్చి గుమ్మం దగ్గర బియ్యం కుండ ఒకటి పెట్టారు. మూత లేకుండా. ఉన్నవాళ్ళు వేసేవాళ్ళు, లేనివాళ్ళు తీసుకునేవాళ్ళు, ఎవరు తీసుకున్నారా అని ఎవరూ అటు తిరిగి చూసేవాళ్ళు కాదు.

అయిపోయింది. ఇప్పుడు చెప్పు, మధ్యాహ్నం నుంచీ నా కళ్ళజోడు ఏది?

ఆఁ, దిండు కిందేనా. ఇలా ఇవ్వు. కాడ ఒకటేగా విరిగింది. ఏమిటీ, నేను బైబిలు చదువుకోలేనని బెంగ పెట్టుకున్నావా? కళ్ళు పోతాయని కాదూ? రావే నా తల్లీ, రా. పొద్దున్నే దారం కట్టుకుందాం, నువ్వు పట్టుకుందువుగాని.

కథేమో పోయె కంచికి,
మనమేమో వస్తిమి ఇంటికి,
పిడికెడు బియ్యం కుండకి,
బెదురు లేని నిదర నా బుజ్జి కంటికి.