దళవాయిని నిలదీసిన ఈరమ్మ

శత్రువుల వేగులు తిరుగుతున్నారని తెలిసి, వీరగిరి సేనలను నడిపే దళవాయి భైరవరాయుడు ఊరూరా చాటింపు వేయించాడు: "కొత్తవాడు ఎంతటివాడైనా సరే, నిలదీయకుండా వదలొద్దు."

వారం తిరక్కముందే ఆయన వేట నుంచి ఒంటరిగా వస్తుంటే, ఏటి రేవులో గడ్డి కోస్తున్న ఈరమ్మ గుర్రం కళ్ళెం పట్టుకుంది.

"ఎవరయ్యా మీరు? ఏ ఊరు?"

"దళవాయినే నిలదీస్తావా? కొరడా దెబ్బలు తింటావు."

రేవులో జనం పోగయ్యారు. అయినా ఈరమ్మ పట్టు వదల్లేదు.

"నిలదీయడమంటే మనిషిని నిలబెట్టి, లోపలున్న నిజాన్ని బయటికి తీయడమేగా అయ్యా. అలా చేయమన్నది దళవాయిగారే. తన మాట విన్నవాళ్ళను ఆయన మెచ్చుకుంటారుగాని కొట్టరు. కొడతానంటున్నారంటే మీరు ఆయన కాదు, వేగువాడే."

జనం కర్రలు అందుకున్నారు. భైరవరాయుడు గుర్రం దిగి తన ఊరూ, తండ్రి పేరూ చెప్పాడు. ముద్ర ఉంగరం చూపించాడు. ఈరమ్మ కదల్లేదు. చివరికి ఆయనకే నవ్వొచ్చింది.

"మంచి పని చేశావమ్మా" అన్నాడు.

ఈరమ్మ కళ్ళెం వదిలి పక్కకు జరిగింది.

"ఇప్పుడు దళవాయిగారిలా మాట్లాడారు. వెళ్ళి రండి దొరా."