ఈల వేయని చీమ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులి ఉంది, ఏరు ఉంది, సెల్‌ఫోన్ టవర్ కూడా ఉంది. నవ్వకండి! ఆ టవర్ ఎవరు పెట్టారు, జంతువులకి ఫోన్లు ఎక్కడివి అని అడిగారంటే కథ ఇక్కడే ఆపేస్తాను. ఉంది అంటే ఉంది, అంతే.

ఆ అడవిలో ఒక మద్దిచెట్టు. మద్దిచెట్టు తొర్రలో ఒక సాలీడు. పేరు నూలమ్మ. తక్కిన సాలెపురుగులన్నీ గూడు అల్లి, ఓ మూల నక్కి, ఈగ ఎప్పుడు పడుతుందా అని కాచుకుని కూర్చుంటే, నూలమ్మ మాత్రం వేట మానేసింది.

"ఎన్నాళ్ళని ఒకరి ప్రాణం తీసి బతుకుతాం? చేతిలో పని ఉంది. వ్యాపారం చేసుకుని బతుకుతాను" అంది.

చుట్టాలు కడుపు పట్టుకుని నవ్వారు. "పులి గడ్డి మేస్తానన్నట్టుంది!" అన్నారు. నూలమ్మ వాళ్ళను పట్టించుకోలేదు. తనలాగే వేట మానుకున్న కుర్ర సాలెపురుగులను కొందరిని చేరదీసి, పని నేర్పి, కంపెనీ పెట్టేసింది.

ఏమిటయ్యా ఆ కంపెనీలో తయారయ్యేది అంటే, గుర్తు దారం. దాన్ని గాదె గుమ్మానికి అడ్డంగా కడతారు. రెండో కొసను కాపలావాడి పక్కన ఎండిన గిలిగిచ్చకాయకు కడతారు. ఇంటివాళ్ళు నడిస్తే దారం ఊరుకుంటుంది. దొంగ అడుగు పెట్టాడా, కాయ గలగలమంటుంది! ఎవరి అడుగు ఎంత బరువో పసిగట్టే దారం అది. అలాంటిది ఆ అడవిలో అంతకుముందు ఎవరూ చేయలేదు.

కానీ పిల్లలూ, ఒక చిక్కుంది. ఆ దారం అందరికీ పనికిరాదు. కుందేలు దాచుకునేదేముంది? కోతి దాచుకునేదేముంది? దొరికింది దొరికినట్టు బుగ్గలో పెట్టుకుంటుంది. సరుకు నిలవ చేసి కాపలా కాసుకునేవాళ్ళు అడవి మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. గిజిగాళ్ళు తమ గూళ్ళకు కొంచెం దారం కట్టించుకుని, బదులుగా పుప్పొడి తెచ్చి ఇచ్చేవాళ్ళు. దాంతోనే నూలమ్మా పిల్లలూ రోజులు నెట్టుకొస్తున్నారు. అసలు బేరం మాత్రం చీమల సంఘానిది. వాళ్ళకు భూమి లోపల ఎన్నో గాదెలు. పందికొక్కుల బెడదా ఎక్కువే. వానలు పడేలోగా చీమలు కొంటే కంపెనీ నిలబడుతుంది. కొనకపోతే మూతపడుతుంది. అప్పుడు నూలమ్మా, ఆ కుర్రపిల్లలూ మళ్ళీ మూల నక్కి ఈగల కోసం చూడాల్సిందే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నూలమ్మ ఎనిమిది కాళ్ళతోనూ ఇంకా గబగబా నేసేది.

అడవిలో అందరి ఫోన్లలోనూ 'కిచకిచ' అని ఒక యాప్ ఉండేది. ఎవరేం చెప్పదలుచుకున్నా అందులో పెడతారు. చూసినవాళ్ళకి నచ్చితే ఫోన్ దగ్గర మూతి పెట్టి ఈల వేయాలి. ఎన్ని ఈలలు పడితే అంత గొప్ప. నూలమ్మ కూడా దారం ఎలా కట్టాలో నిదానంగా చూపిస్తూ ఒక వీడియో పెట్టింది. రెండే ఈలలు పడ్డాయి. అందులో ఒకటి తనకు తాను వేసుకున్నదే.

నూలమ్మ ఉసూరుమంది. అప్పుడు దిగాడు కొమ్మ మీంచి చిందులయ్య అనే కొండముచ్చు. కిచకిచలో వాడికి మంచి పేరు.

"ఏంటక్కా ఇది? దారం, ముడి, గుమ్మం! ఇట్టాంటివి ఎవరు చూస్తారు?" అన్నాడు తోక ఊపుతూ. "నాకు వదిలెయ్. అడవంతా నీ పేరే మోగిస్తా."

"అడవంతా ఎందుకు నాయనా? చీమలు చూస్తే చాలు కదా" అంది నూలమ్మ.

"అడవంతా చూస్తే అందులో చీమలుండవా? లెక్క నీకు తెలీదులే అక్కా!"

లెక్క బాగానే ఉన్నట్టు తోచి నూలమ్మ సరేనంది.

మొదట చిందులయ్య దారాన్ని ఊయల కట్టి, దాని మీద తలకిందులుగా వేలాడుతూ పాట పాడాడు. ఈలలే ఈలలు! తరవాత నెమలిని పిలిచి, మెడలో దారం దండగా వేసి ఆడించాడు. ఏనుగులు కూడా తొండాలు ఎత్తి ఈలలు వేశాయి. ఆ పైన పోటీ పెట్టాడు. 'గుర్తు దారం' అని ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకు బుట్టెడు ఇప్పపూలు! అడవి దద్దరిల్లిపోయింది. గెలిచిన ఎలుగుబంటికి గొంతు పోయింది, ఇప్పపూలు తిన్నాక మతి కూడా పోయింది.

నూలమ్మకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పొద్దున లేస్తే ఫోను, పడుకోబోతే ఫోను. "చూశారా పిల్లలూ, ఎన్ని ఈలలో!" అని నేస్తున్నవాళ్ళను లేపి మరీ చూపించేది. నవ్విన చుట్టాలే ఇప్పుడు "మా నూలమ్మ" అనడం మొదలుపెట్టారు.

ఇంతలో పడమట మబ్బులు కనిపించాయి. నేసిన దారపు ఉండలు తొర్రలో గుట్టలు పడి ఉన్నాయి. ఈలలు గంపలకొద్దీ పడ్డాయి గానీ బేరం ఒక్కటీ కుదరలేదు. ఒక కుర్ర సాలీడు మెల్లగా అడిగింది, "అమ్మా, చీమలు ఏమన్నా అన్నారా?" అని.

ఆ సాయంత్రం ఫోన్‌కి ఒక కబురు వచ్చింది. ఆశగా తీసి చూసింది. పందికొక్కుల నుంచి. "అక్కా, మేమందరం మీ అభిమానులం. మీ వీడియో ఒక్కటీ వదలం. ఇంకా దారం కట్టని గాదెలు ఎక్కడెక్కడ ఉన్నాయో కాస్త చెబుతారా?"

నూలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ తనకు ఈలలు వేసింది ఎవరా అని మొదటిసారి కూర్చుని చూసింది. కోతులు, ఉడతలు, ఏనుగులు, పందికొక్కులు. 'సూపర్', 'కేక', 'మళ్ళీ ఊగు'. చదివీ చదివీ కళ్ళు నొప్పెట్టాయి. సాలీడుకు కళ్ళు కూడా ఎనిమిదే కదా, నొప్పి మనకన్నా ఎక్కువ. అన్నిటి అడుగునా, ఊయల వీడియో కింద, ఒక చిన్న ప్రశ్న కనిపించింది.

"నేను చీమల సంఘంలో గాదెలు చూసే గాదెమ్మను. మీ జాతి మమ్మల్ని తింటుంది. మీ దారం మా గుమ్మానికి కడితే మా పిల్లలే అందులో ఇరుక్కోరని ఏమిటి నమ్మకం?"

ఆ ప్రశ్న కింద చిందులయ్య పళ్ళికిలించే బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు.

"ఓరి నీ దుంపతెగ!" అని నూలమ్మ వాణ్ణి పిలిపించింది. "కొనేవాళ్ళు వచ్చి అడిగితే నవ్వుతావా?"

"అదా అక్కా! తీసేద్దామనుకుని మరిచిపోయా. ఇప్పుడే తీసేస్తా" అన్నాడు వాడు. "సాలీడు చీమల్ని తింటుందన్న మాట నలుగురిలో పడితే మన పరువేం కాను? గప్‌చుప్‌గా తుడిచేస్తే ఎవరికీ తెలీదు."

ఆ ప్రశ్నను తుడిచేసే మీట దాకా నూలమ్మ కాలు వెళ్ళింది. నిజంగా వెళ్ళింది. పరువంటే ఎవరికి భయం ఉండదు చెప్పండి? కానీ కాలు అక్కడే ఆగిపోయింది. అడిగినదాంట్లో అబద్ధం ఏముంది? గాదెమ్మ అడిగింది దారం గురించి కాదు, పిల్లల ప్రాణాల గురించి. ఆ తల్లి భయాన్ని తుడిచేయడానికి నూలమ్మకు మనసు రాలేదు. సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తీయొద్దు. జవాబు నేనే చెబుతాను. అందరి ముందూ చెబుతాను" అంది.

పాటా లేదు, ఊయలా లేదు. తొర్ర గుమ్మంలో కూర్చుని మాట్లాడింది.

"గాదెమ్మగారూ, మీ ప్రశ్నకు ఇన్నాళ్ళు జవాబు చెప్పకపోవడం నా తప్పు. మీ భయం న్యాయమైనదే. మా అమ్మ చీమలను తింది, చిన్నప్పుడు నేనూ తిన్నాను. ఇప్పుడు మానేశాను. కానీ నా మాట నమ్మమని అడగను, నా దారం చూడమంటాను. మేము రెండు రకాల దారం తీస్తాం. ఒకటి జిగురుది, వేటకు. ఒకటి పొడిది, మేము నడవడానికి. ఇదిగో, రెండింటి మీదా పుప్పొడి చల్లుతున్నాను. జిగురు దారానికి అంటుకుంది. పొడి దారం మీంచి జారిపోయింది. గుర్తు దారం పూర్తిగా పొడిది. ఇంకో మాట. జడివానలో ఇది తడిస్తే కాయ మోగదు. గుమ్మం పైన ఆకుతో చూరు వేసుకోవాలి. వేసుకోలేకపోతే నా దారం కొనకండి."

చిందులయ్య నెత్తి కొట్టుకున్నాడు. "అమ్ముకునేవాళ్ళెవరైనా కొనొద్దంటారా? నీతో వేగలేనక్కా!" అని, గుంటనక్క పెట్టిన కొత్త కొట్టుకి గంతులేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ వీడియోకి పడిన ఈలలు నూలమ్మ కాళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఇంకా కాళ్ళు మిగిలాయి. అయినా ఆపలేదు. మర్నాడు చూరు ఎలా వేయాలో చూపించింది. ఆ మర్నాడు గిజిగాళ్ళ పెద్దను పిలిచి, "పాము వచ్చిన రోజు ఏం జరిగిందో మీరే చెప్పండి, నేను నోరు మూసుకుంటాను" అంది. పెద్ద గిజిగాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. కాయ మోగిందనీ, గుడ్లు దక్కాయనీ, అయితే గాలివానకు ఒకసారి ఊరికే మోగి కాలనీ మొత్తాన్ని లేపిందనీ కూడా చెప్పాడు. నూలమ్మ ఆ ముక్క కత్తిరించలేదు. గాలికి మోగకుండా ముడి ఎలా సర్దాలో మరో వీడియోలో చూపించింది.

ఈలలు లేవు. కేకలు లేవు. చుట్టాలు మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. ఉరుము ఉరిమింది.

"పిల్లలూ, ఉండలు సర్దండి. ఇంక చాలు" అంది నూలమ్మ. కుర్ర సాలెపురుగులు సర్దడం మొదలుపెట్టారు.

అంతలో మద్దిచెట్టు మొదట్లో నల్లటి బారు ఒకటి కనిపించింది. చీమలు! ఒక్కొక్కరి నోటా ఒక్కో గింజ. తిన్నగా తొర్ర దాకా ఎక్కి వచ్చారు. ముందున్న ముసలి చీమ నోట్లో గింజ కింద పెట్టి, "నేను గాదెమ్మను. నూలమ్మంటే నువ్వేనా తల్లీ?" అని అడిగింది.

నూలమ్మ అవునన్నట్టు తల ఊపింది.

"ఏదీ, దారం కట్టు. నీ గుమ్మానికే కట్టు" అంది గాదెమ్మ.

నూలమ్మ దారం కట్టి, రెండో కొసకు కాయ తగిలించింది. గాదెమ్మ ఒక్క క్షణం ఆగింది. సాలీడు గుమ్మంలోకి చీమ నడిచి రావడమంటే మాటలు కాదు. గాదెమ్మ దారం మీద కాలు వేసింది. రెండో కాలు వేసింది. ఆరు కాళ్ళతోనూ ఇవతల నుంచి అవతలకు నడిచి, మళ్ళీ వెనక్కి నడిచి వచ్చింది. కాలికి ఏమీ అంటుకోలేదు. చీమ అడుగు బరువుకు కాయ మోగలేదు.

"మా గాదెలన్నిటికీ కట్టు తల్లీ. చూరు మేం వేసుకుంటాం" అంది.

కుర్ర సాలెపురుగులు గెంతులు వేశారు. నూలమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అయినా మనసులో మాట ఆపుకోలేకపోయింది.

"గాదెమ్మగారూ, నా వీడియోలు మీరు చూస్తున్నారని నాకు తెలియనే తెలియదు."

"ఒక్కటీ వదలలేదు. రాణిగారు చూశారు, కాపలా నాయకుడు చూశాడు, నేను చూశాను. గాదె అంటే సంఘం మొత్తం తిండి. ముగ్గురికీ గురి కుదిరితే గానీ కొనం. కొందామని అనుకుంటూండగా ఆ ఊయల చూసి రాణిగారు 'ఇది ఆడుకునే దారంలా ఉంది, వద్దు' అనేశారు. నువ్వు జవాబు చెప్పాక మళ్ళీ ఆలోచించడం మొదలుపెట్టారు."

"మరి ఇన్ని రోజులు చూసి ఒక్క ఈల అయినా వేయలేదేమండీ? నేనెంత కుమిలిపోయానో!"

గాదెమ్మ నవ్వి, కింద పెట్టిన గింజ వైపు చూపించింది. "నోట్లో గింజ ఉంటే ఈల ఎలా వేస్తామమ్మా? ఈల వేయడానికి మేం గింజ దించం. అవసరం పడితేనే దించుతాం. ఆ రోజు నిన్ను అడగడానికి దించాను. ఇవాళ కొనడానికి దించాను."

నీతి: ఈల వేసేవాళ్ళందరూ కొనేవాళ్ళు కారు. కొనేవాళ్ళు పనిలో ఉండి మౌనంగా చూస్తుంటారు, వాళ్ళ సందేహానికి దాపరికం లేకుండా జవాబు చెప్పడమే అసలైన ప్రచారం.